తలెత్తి చూసిన మనిషి

నాకు మనుషుల పేర్లు నిలవవు. వాళ్ళు నన్ను ఎలా చూశారో నిలుస్తుంది. పూర్ణా మార్కెట్‌లో ఒక దినుసుల కొట్టు ఉంది. పదకొండేళ్ళ కిందట నేను అక్కడ వంద గ్రాముల గసగసాలు అడిగితే, కొట్టాయన ముందు నా చెప్పులకేసి చూసి, తరవాత ధర చెప్పాడు. చెప్పులు చూశాకే ధర చెప్పాడన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, బహుశా ఆయనకి కూడా. ఇప్పటికీ ఆ వీధిన వెళ్ళాల్సి వస్తే అవతలి వైపు నడుస్తాను.

మా ఊరు పద్మనాభం పక్కన. ఒకసారి అక్కణ్ణించి వస్తున్న బస్సులో ఒకతను ఖాళీ సీటు మీద సంచి పెట్టుకుని, నేను ఎక్కడం చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు. కళ్ళు మూసుకుని ఉంటే నిద్ర అనుకునేవాణ్ణి. తెరిచే ఉన్నాయి. సిటీ దాకా నిలబడే వచ్చాను. సంచి తియ్యమని అడగలేదు. అడగాల్సిన పని నాది కాదు. డిపోకి అర్జీ రాశాను, జవాబు రాలేదు.

"మీకు ముకాలు గుర్తుండవు, ముకాల మీద ముడతలు గుర్తుంటాయి" అంటుంది మా ఆవిడ. ఆ మాట ఎప్పుడూ స్టవ్ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్న జాగ్రత్త అది.

నేను క్రేన్ ఆపరేటర్ని. గాజువాక అవతల ఒక ప్రైవేటు యార్డులో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. ఉక్కు ప్లేట్లు లారీల మీద వస్తాయి. వాటిని దింపి, కొలతలకి కోసి, మళ్ళీ లారీలకి ఎత్తడం అక్కడి పని. రేకుల షెడ్డు పైభాగాన పట్టాల మీద నడిచే క్రేన్ నాది. దాని కింద వేలాడే గాజు గదిలో, మూడంతస్తుల ఎత్తున నా సీటు. ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్ళాలి. ఒకసారి ఎక్కితే భోజనానికే దిగుతాను.

అక్కణ్ణించి చూస్తే ముఖాలు ఉండవు. హెల్మెట్లు, భుజాలు, చేతులు ఉంటాయి. కోత మిషన్ల మోతలో మాట వినబడదు. కాబట్టి కింద నిలబడే సిగ్నల్‌మన్ చేతులతోనే చెప్తాడు. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆగమని. ఇవి అందరికీ తెలిసినవే, గోడ మీద బొమ్మలు కూడా అంటించి ఉంటాయి. బొమ్మల్లో లేనివి చాలా ఉంటాయి. మనిషి రాత్రి సరిగా నిద్రపోయాడా, ఇంట్లో ఏమన్నా అయిందా, ఈ ప్లేటు మీద అతనికి నమ్మకం ఉందా, ఇవన్నీ మోచేతి దగ్గర కనిపిస్తాయి. నమ్మకం లేనివాడి మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది.

నాకు పదిహేనేళ్ళు ఒకడే సిగ్నల్‌మన్. జాలరిపేట మనిషి. అన్నదమ్ములు ఇంకా వేటకి వెళ్తారు, ఇతనొక్కడే ఒడ్డున ఉద్యోగం పట్టాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మొదటి వారంలోనే నన్ను బావ అన్నాడు, నేనూ బావ అన్నాను. ఇక్కడ అలా అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. అతని తండ్రి ముసలితనంలో ఒడ్డున నిలబడి, గుడ్డ ఊపి, కెరటాలు దాటి వచ్చే పడవలకి దారి చెప్పేవాడట. ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో. బావ చేతులు అలాంటి చేతులు. ఎక్కువ ఊపేవాడు కాదు. ఒక్క వేలు కదిపితే నాకు ఎన్ని అడుగులో తెలిసిపోయేది.

మంచి సిగ్నల్‌మన్ ఆపరేటర్ని చూడడు. కళ్ళు ఎప్పుడూ బరువు మీదే ఉండాలి, చెయ్యి మాత్రం నాతో మాట్లాడాలి. బావ పదిహేనేళ్ళలో పైకి చూసింది లెక్కపెట్టగలిగినన్ని సార్లు. మొదటిసారి చూసింది మేం కలిసి పనిచేసిన రెండో ఏడు. ప్లేటు కొంచెం గాల్లో ఉంది, అది తిరగకుండా బావ రెండు చేతులతోనూ అంచు పట్టుకుని ఉన్నాడు. అంతలో హుక్కుకి ఉన్న తీగతాడులో ఒక పోగు తెగడం అతనికి కనిపించింది. చేతులు ఖాళీ లేవు. తల పైకెత్తి నాకేసి చూశాడు, అంతే. నేను అన్ని మీటల మీంచీ చేతులు తీసేశాను. తరవాత టీ దగ్గర "సూత్తే ఆపీసినావు, బాగున్నాది బావ" అన్నాడు. అప్పణ్ణించి అది మా ఇద్దరి మధ్య నియమం అయింది. బావ తలెత్తి చూస్తే, ఏదీ ముట్టుకోకు. ఎందుకని అడక్కు. ముందు ఆగు.

ఆ తరవాత ఆ చూపు మమ్మల్ని నాలుగైదుసార్లు కాపాడింది. ఆ సంగతి నేను దాచను. కానీ అదే చూపు వల్ల నా సీటు పోయింది.

అది మూడేళ్ళ కిందటి మాట. ఉదయం షిఫ్టు, ఇంకా పదకొండు కాలేదు. లారీ తొందరగా బయటికి పోవాలని అప్పటి మేనేజరు స్వయంగా షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు. ఆయనది తెల్ల హెల్మెట్, బావది పసుప్పచ్చది. ప్లేటుకి ఒక వైపు హుక్కు పడింది, రెండో వైపు ఇంకా సరిగా కూర్చోలేదు. బావ దాని దగ్గరికి వంగి చూస్తున్నాడు. తెల్ల హెల్మెట్ అతని దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి బావ భుజం మీద పడి ముందుకి తోసింది. బావ లేచి నిలబడ్డాడు. మోచెయ్యి ఒంటికి ఆనించుకుని, చూపుడువేలు తిప్పాడు.

ఆ మోచెయ్యి నేను చూశాను. కానీ సిగ్నల్ సిగ్నలే, ఎత్తాను. రెండో హుక్కు జారింది. ప్లేటు ఒక మూల కిందికి వాలి, ఊగి, లారీ క్యాబిన్‌ని కొట్టింది. డ్రైవరు టీకి వెళ్ళి ఉన్నాడు. అద్దం పగిలింది, తలుపు లోపలికి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సీటులో మనిషి ఉంటే ఏమయ్యేదో అందరికీ అర్థమయింది.

మర్నాడు విచారణ. ఏసీ గదిలో మేనేజరు, ఆయన పక్కన సేఫ్టీ ఆయన, ఇటు పక్క మేమిద్దరం. మేనేజరు బావని అడిగాడు, "ఎత్తమని నువ్వు సిగ్నల్ ఇచ్చావా, లేదా?"

అప్పటి దాకా నేల చూస్తున్న బావ మెల్లగా తలెత్తాడు. మేనేజరుని కాదు, నన్ను చూశాడు. కనురెప్ప వెయ్యకుండా, పూర్తిగా.

నేను ఆగిపోయాను. నోట్లోకి వచ్చిన మాట, మీరే కదండీ భుజం పట్టుకుని తోశారు అన్నది, గొంతులోనే ఉండిపోయింది. పదమూడేళ్ళ అలవాటు. బావ చూశాడు, ముట్టుకోకు, ముందు ఆగు.

బావ మళ్ళీ తల దించేశాడు. మేనేజరు "అంటే ఇవ్వలేదన్నమాట" అన్నాడు. బావ అవుననలేదు, కాదనలేదు. నన్ను అడిగారు. నేను బావ వైపు చూశాను, అతను చూడలేదు. "చెప్పడానికేమీ లేదు" అన్నాను. సిగ్నల్ లేకుండా ఆపరేటర్ బరువు ఎత్తాడని రాసుకున్నారు. ఆ వారమే నన్ను క్రేన్ మీంచి దింపి గేటు దగ్గర వేశారు, వచ్చే పోయే లారీల నంబర్లు రాసే పనికి. బావ షెడ్డులోనే ఉన్నాడు. నా సీటులో కాంట్రాక్టు మనిషి ఎక్కాడు, వాడికి కూడా బావే సిగ్నల్ ఇచ్చాడు.

నాకు ఇక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నన్ను కళ్ళతో నోరు మూయించి తన పని నిలబెట్టుకున్నాడు.

గేటు పని వల్ల ఒక లాభం ఉంది. ప్రతి ఒక్కడి ముఖం రోజుకి రెండుసార్లు ఎదురుగా, నేల మీద, దగ్గరగా కనిపిస్తుంది. మొదటి రోజే బావ గేటు దాటుతూ క్యారియర్ కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. నా వైపు చెయ్యి ఖాళీగా ఉంటే పలకరించాల్సి వస్తుందని. రెండో రోజు తల దించుకుని అడుగు పెంచాడు. ఆర్నెల్ల తరవాత కొత్తగా ఒకటి మొదలుపెట్టాడు, నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి దవడ బిగించడం. చెవి కింద కండ లేచేది. తప్పు చేసినవాడి దవడ అది, నిద్ర పట్టనివాడిది. నేను కాగితం మీద పెట్టలేదు గాని, అన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి.

గేటు పక్కన టీ బడ్డీ నడిపే ఆవిడ రోజూ ఇదంతా చూసేది. ఒక సాయంత్రం నా కిటికీలో గ్లాసు పెట్టి, "ఎల్లిపోనాడు బాబూ. ఇంక ముకం మామూలుగా ఎట్టుకో" అంది.

"నా ముఖం మామూలుగానే ఉంది."

"మామూలేటి. ఆడొచ్చినప్పుడల్లా అప్పు ఎగ్గొట్టినోడి వాకిట్లో కూకున్నట్టుంటాది. ఆడూ అలగే ఎడతాడు. మీ ఇద్దరి మద్దిన నా టీ సల్లారిపోతన్నాది."

ఆడూ అలాగే పెడతాడన్న ముక్క మీద నేను అప్పట్లో శ్రద్ధ పెట్టలేదు.

మూడేళ్ళు ఒక్క మాట లేదు. అతని పెద్ద కూతురికి నర్సు ఉద్యోగం వచ్చిందని తెలిసింది. మా అమ్మ పోయిందని అతనికీ తెలిసే ఉంటుంది. దినానికి యార్డు నుంచి పన్నెండు మంది మా ఊరు వచ్చారు, అతను రాలేదు. అది కూడా నేను మర్చిపోలేదు.

ఈ ఏడాది ఎండలు ముదరక ముందు పాత మేనేజరు మారి కొత్త మేనేజరు వచ్చింది. నలభై లోపు వయసు, చదువుకున్న మనిషి, అందరినీ గారు అంటుంది. మాట్లాడేటప్పుడు కంప్యూటర్ చూస్తుంది కాబట్టి ఆమె ముఖం చదవడం నాకు కష్టమయింది. వచ్చిన నెలలోనే నన్ను పిలిపించింది. కాంట్రాక్టు ఆపరేటర్ మానేశాడు. షెడ్డులో ఒక్కో వరసని బే అంటాం. మిగతా రెండు బేల క్రేన్లకీ కింద నిలబడి రిమోట్‌తో నడిపే ఏర్పాటు అయిపోయింది, పై గది ఉన్నది పాతదొక్కటే.

"మీ ఫైలు చూశానండి. ఇరవై మూడేళ్ళలో ఒక్క రిమార్కు ఉంది. అందులో కూడా మీ వాంగ్మూలం లేదు, ఆయనదీ లేదు. సిగ్నల్ ఇవ్వలేదని ఎవరు చెప్పారో నాకు అర్థం కాలేదు."

ఆమె తెర మీద ఆ ఫైలు మూసేసింది.

"అసలు జరిగింది ఇద్దరూ కలిసి రాసి, సంతకాలు పెట్టి సోమవారానికి ఇవ్వండి. రిమార్కు తీసేసి మిమ్మల్ని పైకి పంపిస్తాను. లేకపోతే బయటి మనిషిని తీసుకోవాలి. మళ్ళీ మీకు అవకాశం రాదు, ఆ క్రేన్ కూడా ఇంకెన్నాళ్ళో ఉండదు."

అది శుక్రవారం. నాకు యాభై నాలుగు. ఏటా కళ్ళ పరీక్ష ఉంటుంది, వచ్చే ఏడు ఏమవుతుందో తెలియదు. ఆ గాజు గదిలో ఇంకొక్క ఏడాది కూర్చోవాలంటే, నేను ఆ మనిషి దగ్గరికి వెళ్ళి సంతకం అడగాలి.

శనివారమంతా వెళ్ళనన్నాను. తప్పు అతనిది కాబట్టి అతనే రావాలి. మా ఆవిడ కందిపప్పు చేటలో పోసుకుని ఏరుతూ విన్నది. చివరికి నా వైపు తిరిగింది. ఎప్పుడూ తిరగని మనిషి.

"ఆయనకి తెలుసేటండీ, సోమారం లోపల రావాలని?"

"తెలిసే ఉంటుంది."

"తెలిసే ఉంటాది, తెలిసే ఉంటాది. మూడేళ్ళ కాణ్ణించి ఇదే మాట. రేపు పొద్దున్నే ఎల్లండి. నానేటి మీ ముకం సూసి సెప్పనేదు, మాటలతో సెప్తన్నాను."

ఆదివారం పొద్దున్న బస్సెక్కి, దిగి, ఒడ్డు దాకా నడిచాను. కాగితం ముందు రాత్రే రాసుకున్నాను, జేబులో ఉంది. అర్జీలు రాయడం నాకు అలవాటే. ఇల్లు పసుపు రంగు వేసిన రెండు గదులు. గుమ్మంలో బావ భార్య కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు తోముతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది గాని లేవలేదు.

"ఓలన్నియ్యా. దారి తప్పినావేటి."

"లేదు చెల్లెమ్మా. ఇక్కడికే వచ్చాను."

"ఎన్నేళ్ళకి. నా సేపలకూర ఇప్పుడు గుర్తొచ్చిందేటి, నేపోతే సంతకమేటన్నా కావాలేటి?"

నా చెయ్యి జేబు మీదకి వెళ్ళినట్టుంది. ఆమె చూసి నవ్వింది, పొలుసులు అంటిన చేత్తోనే సముద్రం వైపు చూపించింది. "ఒడ్డున్నాడు. ఆల్లన్న వలలో సేపలు ఇప్పుతన్నాడు. ఎల్లు, తిట్టడు. ఆడికి తిట్టడం రాదు, అదే మా కర్మ."

పడవ అప్పుడే ఒడ్డెక్కింది. ఇద్దరన్నదమ్ములూ ఇసక మీద వల పరిచి ఉన్నారు. బావ నన్ను దూరం నుంచే చూశాడు. చూసి, మళ్ళీ వల చూసుకున్నాడు. దవడ బిగిసింది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. అన్నగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"కూకో" అన్నాడు బావ.

కూర్చున్నాను. కొత్త మేనేజరు చెప్పినదంతా చెప్పాను. కాగితం తీసి చదివాను. అప్పటి మేనేజరు సిగ్నల్‌మన్ భుజం మీద చెయ్యి వేసి తోశాడు, అతను సిగ్నల్ ఇచ్చాడు, ఆపరేటర్ ఎత్తాడు, అని ఉంది అందులో. బావ వలకన్నుల్లోంచి ఒక్కొక్క చేపనీ తీస్తూ విన్నాడు.

"ఇది ఇప్పుడు సదువుతన్నావు. ఆ దినం నోరెందుకు ఇప్పనేదు?"

"నువ్వు చూశావు కదా."

"సూసాను."

"చూశావు కాబట్టి ఆగాను. నన్ను ఆగమన్నావు. నీ పని కోసం నన్ను ఆపేశావు."

బావ చేతులు ఆగాయి. నాకేసి చూశాడు, ఇసక మీద, రెండడుగుల దూరం నుంచి. నేను ముఖం చదువుదామని చూశాను. ఏమీ దొరకలేదు.

"ఆపడమేటి? నాను నిన్ను సెప్పమని సూసాను."

నేను కాగితం మడిచాను.

"నన్ను తోసినాడని నానే సెప్తే, తప్పు కప్పుకోడానికి సెప్తన్నాడు అంటారు. సిగ్నలిచ్చాను అంటే నా పని పోతాది. ఇయ్యనేదంటే నీది పోతాది. పైన కూకున్నోడివి నువ్వొక్కడివే. ఆయన సెయ్యి నా బుజం మీద పడ్డం సూసినోడివి నువ్వొక్కడివే. బావ సెప్తాడు అనుకుని నీకేసి సూసాను. నువ్వు రాయిలాగ కూకున్నావు."

"నువ్వు తలెత్తితే ఆగడమే కదా మన నియమం."

"అది షెడ్డు బావ. నా రెండు సేతులూ ప్లేటు మీదున్నప్పుడు. ఆఫీసులో నా సేతులు ఒళ్ళోనే ఉన్నాయి కదేటి. ఆపాలంటే పిడికిలి సూపించనా?"

ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా, ఆ గదిలో అతని చేతులు ఎక్కడున్నాయో నాకు గుర్తు లేదు. నేను కళ్ళే చూశాను. ఇరవై మూడేళ్ళు చేతులు చూసి బతికినవాణ్ణి.

"నేను పొరబడ్డాననుకో. సిగ్నల్ ఇవ్వలేదన్నమాట అని ఆయన అన్నప్పుడు నువ్వు కాదనొచ్చు కదా" అన్నాను.

"అనొచ్చు." బావ ఒక చేపని వదిలించి పక్కన పెట్టాడు. "అన్నేదు. బయమేసింది. పిల్ల సదువు మద్దిలో ఉన్నాది. అది నా తప్పే. అది నేదనను."

"గేటు దగ్గర మూడేళ్ళు తల దించుకుని వెళ్ళావు."

"నీ ముకం సూడబుద్ది కాక. ఒక్క ముక్క అనుంటే ఇద్దరం నిలబడీవోళ్ళం కదా అని మండీది. పళ్ళు బిగించుకుని ఎల్లీవోణ్ణి, ఏటన్నా అనీసుకుంటానేమోనని."

"మా అమ్మ దినానికి కూడా రాలేదు."

"పిలిసినావా?"

దినానికి పిలవరు, తెలిసి వస్తారు. కానీ ఆ మాట అనలేదు. కెరటం పడవ దాకా వచ్చి వెనక్కి పోయింది. బావ లేచి, చేతులు సముద్రంలో కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చాడు. కాగితం తీసుకుని, తను సరిగా చదవగలిగినంత నెమ్మదిగా మొత్తం చదివాడు. ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

"ఆ దినం ఏసీ గదిలో నాను ఏటీ సెప్పనేదని కూడా రాయి. అది నేకపోతే ఇది అబద్దం అవుద్ది."

రాశాను. నేను కూడా చెప్పలేదని దాని కింద ఇంకో వాక్యం రాశాను. అతను అడక్కుండానే రాశాను. మోకాలి మీద పెట్టి ఇద్దరం సంతకాలు చేశాం. అతని భార్య గిన్నెలో కూర కట్టి ఇచ్చింది. "గిన్ని తిరిగి తేవాల. నేపోతే ఇంకో మూడేళ్ళు ముకం సాటేస్తావు" అంది.

సోమవారం ఇద్దరం కలిసి మేనేజరు గదికి వెళ్ళాం. ఆమె కాగితం చదివింది, రెండోసారి చదివింది. ఎవరినీ ఏమీ అడగలేదు. రిమార్కు తీసేస్తున్నట్టు అక్కడే రాసి, స్టాంపు వేసింది.

"రేపటి నుంచి పైకి ఎక్కండి. మీ ఇద్దరికీ ఇంతకు ముందులాగే ఒకటో బే వేస్తున్నాను."

"వొద్దండి" అన్నాడు బావ. "నన్ను రెండో బేలో ఎయ్యండి. రిమోట్ క్రేన్ కాడికి."

ఆమె కంప్యూటర్ మీంచి తల తిప్పి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. కనిపించాల్సింది కాదని మాత్రం తెలుసు. వెంటనే చూపు తిప్పేసుకుని, "సరే, మీ ఇష్టం" అంది.

బయట వరండాలో అడిగాను, ఎందుకని.

"కోపం ఏటీ నేదు బావ. నీ సీటు నీకొచ్చింది, అది సాలు." హెల్మెట్ పట్టీ సరిచేసుకుంటున్నాడు. "గేటు కాడ నా ముకం సూసి మూడేళ్ళు నీకు నువ్వే ఏటేటో సదివీసుకున్నావు. ఒక్కపాలన్నా ఏటని అడగనేదు. రేపు నాను నడుం పట్టీసి పైకి సూసినా, ఈగ వాలి సూసినా, నువ్వేటి అనుకుంటావో నాకు తెల్దు. నా నెత్తి మీద ఐదు టన్నులుంటాది. ఇదివరకు బయముండీది కాదు. ఇప్పుడుంటాది. బయమున్నోడు కింద నిలబడకూడదు."

సిగ్నల్‌మన్‌గా అతను చెప్పింది సరైనది. సేఫ్టీ ఆయన అడిగితే నేనూ అదే చెప్తాను.

నేను పైకెక్కి ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. సీటు రెగ్జిన్ చిరిగింది, కాంట్రాక్టు మనిషి సరిగా చూసుకోలేదు. కొత్త సిగ్నల్‌మన్ చేతులు శుభ్రంగా, గోడ మీది బొమ్మల్లాగే ఊపుతాడు. ఈల కూడా ఊదుతాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. ఏదన్నా అనుమానం వస్తే ఆపి, గదిలో కొత్తగా పెట్టిన మైకులో అడుగుతాను. మొదట్లో ఆ మైకు వాడడం నాకు నామోషీగా ఉండేది.

బావ, నేను టీ బడ్డీ బల్ల మీద పక్కపక్కనే కూర్చుంటాం. ఆ రోజు అతను నాతో ఒడ్డునే చెప్పి ఉండొచ్చు, రెండో బేకి పోతానని. అలా కాకుండా కొత్త మేనేజరు ముందు, నేను సిద్ధంగా లేనప్పుడు చెప్పాడు. నాలుగు నెలలుగా ఆ సంగతి నన్ను వదల్లేదు. కావాలని చేశాడని ఒక రోజు అనుకున్నాను, తోచక చేశాడని ఇంకో రోజు అనుకున్నాను. గ్లాసు పట్టుకునే తీరు చూసి ఏదో ఒకటి తేలుతుందని చూశాను. తేలలేదు. మొన్న అడిగేశాను.

"ఇసక మీదే చెప్పొచ్చు కదా బావ. ఆమె ముందు చెప్పడం ఎందుకు?"

అతను నా వైపు తిరగలేదు. టీలో తేలిన మీగడ ఊదుకుంటున్నాడు.

"అక్కడ సెప్తే నువ్వు సంతకం ఎట్టించుకుందువేటి? కాగితం సింపీసి బస్సెక్కీసీవోడివి. సీటు పోయీది."

నిజమే. చింపేసేవాణ్ణి. బస్సెక్కి, సీటున్నా కూర్చోకుండా, నిలబడే వచ్చేవాణ్ణి.

"అయినా నాకు ముందు చెప్పాల్సింది" అన్నాను.

"సెప్పాల్సిందే" అన్నాడు.

టీ ఆవిడ గ్లాసులు తీసుకుపోయింది. సైరన్ మోగింది. అతను రెండో బేకి వెళ్ళాడు, నేను నిచ్చెన ఎక్కాను.